చెరువు చేప, ఇంటి కంచం



ఈవేళ చేపలను గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. పెంపకాన్ని గురించి కాదు. ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలి, తవుడు ఎంత వెయ్యాలి, చెక్క ఎంత కలపాలి అన్న సంగతులు మత్స్యశాఖ వారు మీకు చెబుతూనే వున్నారు. నేను చెప్పబోయేది పట్టిన చేపను తినడాన్ని గురించి. "చేపపిల్లకు ఈత నేర్పినట్టు, మాకు తినడం కూడా నేర్పుతావా?" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా విన్న తరువాత నవ్వండి.

కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు తిరిగిన వారికి ఈ దృశ్యం తెలిసే వుంటుంది. చెరువు పట్టుబడి అయిందంటే చేపలను పెట్టెలలో ఐసు మధ్య పేర్చి లారీలకు ఎక్కిస్తారు. ఆ లారీలు వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయి హౌరా చేరతాయి. కొన్ని అక్కడా ఆగక అస్సాం దాకా పోతాయి. మంచినీటి చేపల పెంపకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో వుందంటే అందుకు కారణం మీ కష్టమే. రూపాయి చేతికి వస్తున్నది, సంతోషం. అయితే ఆ రాత్రి చెరువు గట్టున కాపలా కాసే మనిషి ఇంట్లో, వల లాగిన కూలి ఇంట్లో, ఆ మాటకొస్తే చెరువు ఆసామి ఇంట్లో కూడా, పిల్లల కంచంలో ఏం వుందో ఎవరైనా చూశారా? అన్నం వుంటుంది, పచ్చడి వుంటుంది, పలచని చారు వుంటుంది. చేప వుంటే వారానికి ఒకనాడు, అదీ పెద్దవాళ్ళకు.

2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన అంకెలు వినండి. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో వున్నారు. ఆరు నెలలు నిండి అయిదేళ్ళు నిండని పసిపిల్లలలో ఆంధ్రలో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది. దీనికి కారణాలు ఒకటి కాదు. కడుపులో నులిపురుగులు వుంటాయి, తరచు కాన్పులు వుంటాయి, జ్వరాలు వుంటాయి. కాని తిండిలో సారం లేకపోవడం వాటన్నిటిలో పెద్ద కారణం. చేపలు పండించే జిల్లాలు కూడా ఈ లెక్కకు బయట లేవు.

ఇక చేపలో వున్న సారం ఏమిటో చూద్దాం. వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు. ఆవుపాలలో 3 గ్రాముల పైచిలుకు. కోడిగుడ్డులో 13 గ్రాములు. మన రాగండి, బొచ్చె వంటి చేపలలో 16 నుంచి 20 గ్రాముల దాకా వుంటాయి. ఈ లెక్కలు కట్టింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులో. తమిళనాడులోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ, దేశంలో జనం తినే వస్తువులన్నిటినీ ఇలా ఒకటొకటిగా పరీక్షించి పట్టికలు ప్రచురిస్తూ వచ్చింది.

"కందిపప్పులో 22 గ్రాములు వుంటాయి గదా, పప్పు తింటే చాలదా?" అని ఒక సభలో ఒక రైతు నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. పప్పు మంచిదే, మానవద్దు. అయితే పప్పు లెక్క ఎండు గింజ మీద కట్టినది. ఉడికి పలచన అయిన తరువాత కంచంలోకి వచ్చే పప్పు గరిటెడు. పైగా మాంసకృత్తులన్నీ ఒక్క జాతి కావు. ఎరువుల మాట తీసుకోండి. పొలంలో పొటాషు తక్కువైతే, మీరు యూరియా బస్తా మీద బస్తా గుమ్మరించినా పైరు ఆ లోటు దాటి ఎదగదు గదా. అట్లాగే బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ అనే ఒక భాగం తక్కువ. అది తక్కువైతే మిగతావి వున్నా ఒంటికి పూర్తిగా పట్టవు. చేపలో లైసిన్ దండిగా వుంది. అన్నంలో చేప ముక్క కలిస్తే, ఆ అన్నంలోని మాంసకృత్తులు కూడా పనికి వస్తాయి. పప్పు కూడా ఈ పని చేస్తుంది గాని, చేప ఇంకో రెండు పనులు అదనంగా చేస్తుంది. ఆకుకూరలోను, పప్పులోను వున్న ఇనుము మామూలుగా ఒంటికి కొద్దిగానే ఎక్కుతుంది. దానితో పాటు చేప తింటే ఎక్కువగా ఎక్కుతుంది. రక్తం పుట్టడానికి, నరాలకు అవసరమైన బి 12 విటమిను ఏ ఆకులోనూ, ఏ గింజలోనూ దొరకదు. పాలలో, గుడ్డులో, మాంసంలో, చేపలో మాత్రమే దొరుకుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చేప తినని కుటుంబాలు మనలో చాలా వున్నాయి. వారిని తినమని నేను చెప్పడం లేదు. పాలు, పెరుగు, పప్పు, ఆకుకూర సరిగా తింటే వారికీ లోటు వుండదు. నేను మాట్లాడుతున్నది తినే అలవాటు వుండి, చెరువు పక్కనే వుండి, తినకుండా అమ్ముకుంటున్న వారితో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చేప అనగానే మనకు రెండు కిలోల బొచ్చె, మూడు కిలోల రాగండి కళ్ళముందు మెదులుతాయి. గోదావరి జిల్లాల వారికైతే వరదల నాటి పులస గుర్తుకు వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. పులస రుచిని కాదనను. కాని పుస్తెల దాకా పోనక్కరలేదు. ఒంటికి కావలసిన సారం, పెద్ద చేపలో కంటే ఎక్కువగా, మీరు పక్కకు పారబోసే వేలెడంత చేపలో వుంది. పరిగెలు, పిత్తపరిగెలు, పరకపిల్లలు, ఇలా ఊరికొక పేరు. పంట బోదెల్లో, పొలం మడుగుల్లో, ఊరచెరువు అంచున పిల్లలు గుడ్డతో పట్టే చేపలు.

కారణం చాలా సులభం. పెద్ద చేపను మనం కండ మాత్రమే తింటాం. ముల్లు తీసి పారేస్తాం, తల సగం పారేస్తాం. చిన్న చేపను తలతో, ముల్లుతో, కళ్ళతో నమిలి మింగుతాం. సున్నం వున్నది ముల్లులో. అంటే కాల్షియం. వంద గ్రాముల ఆవుపాలలో సున్నం సుమారు 120 మిల్లీగ్రాములు. ముల్లుతో తినే చిన్న చేపలలో, ఉదాహరణకు బంగ్లాదేశ్‌లో మోలా అని పిలిచే వెండిరంగు చేపలో, 700 మిల్లీగ్రాములకు పైగా వుంటుంది. ముల్లులోని సున్నం ఒంటికి పడుతుందా అని సందేహం రావచ్చు. డెన్మార్కులో కొందరు మనుషులకు ఇటువంటి చిన్న చేపలు తినిపించి, పాలు తాగించి, రెండూ పోల్చి చూశారు. 1998లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పాలలోని సున్నం ఎంత పడుతుందో, ముల్లులోని సున్నమూ దాదాపు అంతే పట్టింది. పాలకేంద్రానికి పాలన్నీ పోసి, పిల్లవాడికి టీనీళ్ళు ఇచ్చే ఇళ్ళు చాలా వున్నాయి గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇంతకంటే ముఖ్యమైనది ఎ విటమిను. అది తక్కువైతే ముందు వచ్చేది రేచీకటి. మునిమాపువేళ పిల్లవాడు గడప తగిలి పడతాడు, కంచంలో అన్నం తడుముకుంటాడు. ముదిరితే చూపే పోతుంది. ఒంటిలో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గి, మామూలు విరేచనాలు, తట్టు కూడా ప్రాణం మీదికి వస్తాయి. వంద గ్రాముల మోలా చేపలో ఎ విటమిను 2,500 మైక్రోగ్రాములకు పైగా వుంటుంది. అదే వంద గ్రాముల రాగండిలో 30 కూడా వుండదు. రెండు మూడేళ్ళ బిడ్డకు రోజుకు కావలసింది సుమారు 400. ఈ విటమిను చేపలో ఎక్కడ వుందనుకున్నారు? సుమారు సగం కళ్ళలో, మరో పెద్ద భాగం పొట్టలో. తల తుంచి, పొట్ట చీరి, కండ మాత్రం వండుకుంటే వున్నదంతా పెంటకుప్పకు పోయినట్టే.

ఈ సంగతిని లోకానికి చాటినవారిలో ముఖ్యురాలు శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ గారు. ఆమె ట్రినిడాడ్ ద్వీపంలో, భారతదేశం నుంచి వలస వెళ్ళిన వారి వంశంలో పుట్టారు. బంగ్లాదేశ్ పల్లెలలో ఏళ్ళ తరబడి పనిచేసి, చిన్న చేపలలోని పోషక విలువలను తేల్చి, వాటిని పెద్ద చేపలతో కలిపి చెరువులలో పెంచడానికి బాట వేశారు. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమానం ఇచ్చారు. మోలా చేప మన దేశంలోనూ వుంది. బెంగాలీలు దానిని మౌరలా అంటారు, ప్రీతిగా వేయించుకు తింటారు. మన చెరువులలో పరిగెలతో కలిసిపోయి వుంటుంది గనుక మనం వేరుగా గుర్తించం.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిన్న చేపలోని ఎ విటమినులో కొంత భాగం, ఒంటిలో పూర్తి బలంతో పనిచెయ్యని రూపంలో వుంటుంది. అంచేత కాగితం మీద లెక్క చూసి, ఆరోగ్య కార్యకర్త వేసే విటమిను చుక్కలు మానిపించకండి. రెండూ వుండాలి. బొప్పాయి, మునగాకు, తోటకూర కూడా వుండాలి.

చిన్న చేపలో జింకు కూడా ఎక్కువ. వరికి జింకు లోపిస్తే ఆకు మీద తుప్పు మచ్చలు వచ్చి, పైరు గిడసబారి పోవడం మీరు చూశారు. జింకు సల్ఫేటు కొని చల్లుతారు. బిడ్డకు జింకు లోపిస్తే మచ్చలు రావు, అదే చిక్కు. వయసుకు తగ్గ ఎత్తు ఎదగడు, అంతే. "వాడిది పొట్టి వంశం" అని మనం సరిపెట్టుకుంటాం.

మరి ఇంత మంచి చేపకు మన శాస్త్రం పెట్టిన పేరేమిటో తెలుసా? కలుపు చేప! పైరులో కలుపు ఎట్లాగో, చెరువులో ఇదీ అట్లాగే అని. ఈ పేరు ఊరికే రాలేదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు మెదడు దగ్గరి గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించారు. అంతకు ముందు నదుల వెంట తిరిగి పిల్లలను ఏరుకు రావలసి వచ్చేది. ఆ తరువాత బొచ్చె, రాగండి, మోసు పిల్లలు కావలసినన్ని దొరకసాగాయి. కొన్నపిల్లలను చెరువులో వదిలే ముందు, వాటిని తినేసే చేపలనూ, వాటి మేతకు పోటీ వచ్చే చేపలనూ ఏరివేయడం అవసరమయింది. ఎకరం చెరువులో మీటరు లోతు నీటికి 1,000 కిలోల ఇప్పచెక్క వేసి వున్న చేపలన్నిటినీ చంపమని సిఫారసు. దిగుబడి లెక్కకు ఇది సరైన మాటే. కొనుక్కొచ్చిన పిల్లలను వాలుగ నోట్లో వేసుకుంటుంటే ఏ రైతూ చూస్తూ ఊరుకోడు.

అయితే నా అభిప్రాయం ఒకటి చెబుతాను, తోటి విస్తరణ కార్యకర్తలు కూడా ఆలోచించాలి. వాలుగ, కొరమీను, జెల్ల వంటివి ఇతర చేపలను తినేవి. వాటిని తీయవలసిందే. తీసినవాటిని తినవచ్చు, కొరమీను రుచి గురించి నేను చెప్పేదేముంది. కాని మోలా వంటి చిన్న చేప ఎవరినీ తినదు. నీటిలోని నాచు, సన్నని పురుగులు తింటుంది. బంగ్లాదేశ్‌లో వీటిని పెద్ద చేపలతో కలిపి పెంచి చూస్తే, పెద్ద చేపల దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దీనికి విత్తనం కొననక్కర లేదు, చెరువులోనే ఏడాదికి ఒకసారికి మించి గుడ్లు పెడుతుంది. చెయ్యవలసిందల్లా పది పదిహేను రోజులకు ఒకసారి సన్నకన్ను వలతో కొన్నిటిని పట్టుకుని వండుకోవడమే. పట్టకుండా వదిలేస్తేనే అవి మరీ పెరిగి మేతకు పోటీ అవుతాయి. అంటే తినడమే ఇక్కడ కలుపు తీయడం!

యాభై ఎకరాల వ్యాపార చెరువులో దీన్ని చెయ్యమని నేను అనను. ఆ లెక్కలు వేరు, అప్పులు వేరు. ఇంటి వెనుక పది సెంట్ల గుంట వున్నవారు, పొలంలో నీటికుంట తవ్వుకున్నవారు, ఊరచెరువును సహకార సంఘం ద్వారా చూసుకుంటున్నవారు చేసి చూడాలి. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా పిల్లలను వదలడం మొదలుపెట్టినప్పుడు ఎన్నో ఊళ్ళలో చేపల పట్టుబడి పండుగలా జరిగింది. అటువంటి ఊరచెరువులలో పెద్ద చేపలు సంఘానివి అనుకున్నా, చిన్న చేపలు ఊరి తల్లులవీ పిల్లలవీ కావచ్చు గదా. అయితే ఆ ఊరచెరువుల్లో, వాగుల్లో దోమతెరలు కట్టి తొలకరిలో పట్టకండి. అది గుడ్లు పెట్టే కాలం. అప్పుడు ఊడ్చేస్తే అన్ని జాతులూ పోతాయి.

ఇంకో చేప విషయం. ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద క్యాట్‌ఫిష్‌ను 2000 సంవత్సరంలోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా దొంగచాటుగా కోళ్ళ వ్యర్థాలు వేసి పెంచేవారు వున్నారు. వరదకు గట్టు తెగి అది బయట పడిందంటే చిన్న చేపలకు యముడే. అది కొనకండి, పెంచకండి.

కొల్లేటి దగ్గర ఒక ఊళ్ళో మహిళల సభలో చిన్న చేపల సంగతి చెబుతుంటే, ఒక ముసలమ్మ లేచి, "బాబూ, ఆ పరిగెలు మేం బాతులకు వేస్తున్నాం" అంది.

"మంచిదే మామ్మగారూ, మరి ఆ బాతు గుడ్లు పిల్లలు తింటున్నారా?" అన్నాను.

"గుడ్లు సంతలో అమ్ముతాం నాయనా" అంది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాని ఆ మాటలో మన పల్లెటూళ్ళ సంగతంతా వుంది. సారం వున్నది ఊరు దాటుతుంది, పొట్ట నింపేది ఊళ్ళో వుంటుంది.

ఊళ్ళో వున్నదైనా ఎవరి కంచంలో పడుతుందన్నది మరో ప్రశ్న. పెద్ద చేపకు ముక్కల లెక్క వుంటుంది. నడిముక్క ఇంటి యజమానికి, తరువాత ముక్క పెద్దకొడుక్కి, అలా వస్తూ వస్తూ వండిన ఇల్లాలికి పులుసు మిగులుతుంది. చిన్న చేపల ఇగురుకు ముక్కల లెక్క లేదు, గరిటె లెక్క. అందరికీ ఒకే గరిటె. ఇంట్లో తగవు లేకుండా తల్లికీ, ఆడపిల్లకూ న్యాయం జరిగే కూర అది! అయ్యలారా, కోపం తెచ్చుకోకండి. కడుపుతో వున్న కోడలికి, చంటిపిల్ల తల్లికి, ఎదిగే ఆడపిల్లకు ఇనుము అవసరం మగవారికంటే ఎక్కువ. ఎద్దుకు దాణా ఎంత పెట్టాలో పని చూసి లెక్కవేస్తాం. ఒంట్లో బిడ్డను మోస్తున్న మనిషికి ఆ లెక్క ఎందుకు వెయ్యం?

పసిబిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. నిండిన తరువాత మెత్తని అన్నంలో చేప కలిపి పెట్టవచ్చు. చాలామంది ఏడాది దాటినా పెట్టరు, గొంతులో ముల్లు పడుతుందని భయం. భయం న్యాయమైనదే. రాగండి, మోసులలో కండ మధ్య సన్నని ముళ్ళు చాలా వుంటాయి. పసిపిల్లలకు కొరమీను, మార్పు, జెల్ల మేలు, ముళ్ళు తక్కువ. ఏ చేప అయినా వేళ్ళతో చిదిపి చూసి పెట్టాలి. చిన్న చేపలైతే బాగా ఉడికించి రోట్లో మెత్తగా నూరి, నలకలు లేవని చూసి, అన్నంలో ఒక చెంచాడు కలపండి. మిక్సీ వుంటే మరీ సులువు. ముందు కొద్దిగా పెట్టి చూడండి. ఎవరికైనా దద్దుర్లు లేస్తే మానెయ్యాలి. అటువంటివారు కొద్దిమంది వుంటారు.

వండడంలో రెండు మూడు మెలకువలు. చిన్న చేపలను ఉప్పు వేసి గరుకురాయి మీద రుద్దితే పొలుసు పోతుంది. పొట్టలో చేదు, మట్టి వుంటాయి గనుక నొక్కి తీస్తారు. తీయండి, కాని తల తుంచకండి. చింతపండు పులుసులో, పచ్చిమామిడికాయతో, లేదా చింతచిగురుతో సన్నని సెగ మీద మగ్గనిస్తే ముల్లు మెత్తబడుతుంది. ఆ పులుపుకు ముల్లులోని సున్నం కొంత పులుసులోకి దిగుతుంది కూడా. మన పెద్దలు ఈ కలయికను నాలుక చెప్పిన మాట విని కనిపెట్టారు, శాస్త్రం తరువాత వచ్చింది. నిన్నటి పులుసు ఈవేళ బాగుంటుందన్నది కూడా అందరికీ తెలిసిందే. కరకరలాడే వేపుడు పిల్లలకు ఇష్టమే, అప్పుడప్పుడు చెయ్యండి. కాని నూనె మాడేదాకా వేయించకండి.

సగం ఉడికిన చేప తినకండి. పచ్చి చేప మాంసంలో పురుగుల లార్వాలు వుండవచ్చు. అంతే కాక, చాలా మంచినీటి చేపల పచ్చి మాంసంలో బి 1 విటమినును విరిచేసే పదార్థం ఒకటి వుంటుంది. ఉడికితే అది నశిస్తుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, ఒక గంట ఆగండి.

ఎండు చేప మాట. ఎండలో వేసిన చిన్న చేపలలో ఎ విటమిను దాదాపు పోతుంది. సున్నం, ఇనుము, మాంసకృత్తులు మాత్రం నిలుస్తాయి, నీరు పోతుంది గనుక చిక్కబడతాయి కూడా. చేపలు దొరకని వేసవికి ఇది మంచి నిలవ. నేల మీద, రోడ్డు వార ఎండబెట్టకండి. మంచె కట్టి, పైన వల కప్పి ఎండబెడితే ఈగలు, దుమ్ము చేరవు.

చేప తిని పెరుగు తింటే బొల్లి వస్తుందన్న భయం మన ఊళ్ళలో ఇంకా వుంది. దానికి శాస్త్రాధారం ఏదీ లేదు. బాలింతకు చేప పడదని కొన్ని చోట్ల, చేప పెడితేనే పాలు పడతాయని మరికొన్ని చోట్ల అంటారు. ఇద్దరూ ఒక చోట కూర్చుని తేల్చుకుంటే బాగుండును! తాజా చేప, బాగా ఉడికినది, బాలింతకు మంచిదే. మృగశిర కార్తె నాడు చేప తినాలన్నది తెలంగాణలో పాత ఆచారం. చక్కని ఆచారం. ఆ ఒక్కరోజుతో ఆపకుండా వుంటే చాలు.

చెరువు చేపలో లేనివి కూడా చెప్పాలి. అయొడిన్ తక్కువ, అంచేత అయొడిన్ ఉప్పు మానకండి. గుండెకు మేలు చేసే ఒమేగా కొవ్వులు మంచినీటి చేపలలో కొంత వున్నా, సముద్రపు కవళ్ళు, కానాగంతల్లో వున్నంత వుండవు. కోస్తావారికి అవి చవకగా దొరికినప్పుడు కొనుక్కోవడం మేలు.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా వుండాలి. కళ్ళు లోపలికి పోకుండా నిగనిగలాడాలి. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే లేవాలి. ఘాటైన మందువాసన వేసినా, ఈగ కూడా వాలకుండా వున్నా అనుమానించండి. పురుగుమందు కొట్టిన చేల నీరు దిగిన కాలువలో తేలిన చేపలను ఎన్నడూ తినకండి. ఇప్పచెక్కతో చచ్చిన చేప వేరు, వెంటనే తీసి వండుకుంటే దానితో హాని లేదు. పురుగుమందుతో చచ్చిన చేప విషం. ఆ మాటకొస్తే, వరిచేలల్లో ఒకప్పుడు చెంగుమన్న పరిగెలు ఈనాడు కనబడకపోవడానికి మనం లెక్క లేకుండా కొట్టిన మందులు ఒక పెద్ద కారణం. గట్టు మీద నిలబడి పురుగును లెక్కపెట్టి, అవసరమైతేనే మందు కొట్టమని మేం చెప్పేది ఖర్చు కోసం మాత్రమే కాదు.

గ్రామస్థాయిలో పనిచేసే తోటి ఉద్యోగులకు, అంగన్‌వాడీ అమ్మలకు ఒక చిన్న మనవి. ఈసారి మీ ఊళ్ళో చెరువు పట్టే రోజున గట్టు మీదికి వెళ్ళండి. పక్కన కుప్పపోసిన చిన్న చేపలు ఎటు పోతున్నాయో చూడండి. ఆసామిని అడిగితే కాదనడు, అవి ఆయన లెక్కలో లేనివే. ఒక బుట్టెడు తెచ్చి అక్కడే తల్లుల ఎదుట తలతో సహా వండి చూపండి. ఉపన్యాసం కంటే ఆ ఇగురు వాసనకు ఎక్కువమంది వస్తారు. ఆ మర్నాడు ఎవరింట్లో వండారో, చంటిబిడ్డకు పెట్టారో లేదో ఒకసారి ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని, మీ పుస్తకంలో రాసుకోండి.